సోమవారం నాలుగున్నర లోపు

పోయిన వారం మనం ఆర్డిస్ హాగెన్‌ని వంటింట్లో ఫోను దగ్గర నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. మాట్లాడి పెట్టేసి పావుగంటైనా ఫోను మీంచి చెయ్యి తియ్యలేదు.

ఫోను చేసింది కౌంటీ ఎన్నికల ఆఫీసులో పనిచేసే జోలీన్. ఆ అమ్మాయి చెప్పింది ఇంతే. ఆర్డిస్ పోస్టులో పంపిన ఓటు కవరు మీది సంతకం ఆఫీసులో ఉన్న పాత సంతకంతో కలవలేదు. కాబట్టి కవరు విప్పలేదు, ఓటు లెక్కలో చేరలేదు. ఆ సంగతి రాసి పది రోజుల కిందటే ఉత్తరం పంపారు. ఇవాళ సోమవారం, ఆఖరి రోజు. సాయంత్రం నాలుగున్నర లోపు ఆఫీసుకు వచ్చి ఒక కాగితం మీద సంతకం పెడితే సరేసరి, లేదంటే ఆ కవరు విప్పకుండానే అటకెక్కుతుంది.

ఆర్డిస్‌కి ఏ ఉత్తరమూ అందలేదు.

ఒక్క ఓటుకి ఇంత రాద్ధాంతం దేనికని అడగకండి. ఆ కౌంటీ మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క అంబులెన్సు. రెండోది కొని, దానికి మనుషుల్ని పెట్టడానికి భూముల మీద కొంచెం పన్ను వేసుకుందామా వద్దా అన్నది ఈ నవంబరు ఎన్నికల్లో ప్రశ్న. కావాలన్నవాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది. వద్దన్నవాళ్ళూ సరిగ్గా నాలుగు వందల పన్నెండే. సమానంగా వస్తే పన్ను వీగిపోయినట్టే. ఇక మిగిలినవి సంతకం కలవని కవర్లు రెండు. అందులో ఒకటి తనదని ఆర్డిస్‌కి ఇప్పుడే తెలిసింది. రెండోది ఎవరిదో జోలీన్ చెప్పలేదు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదట.

ఆర్డిస్‌కి ఆ అంబులెన్సు ఎందుకు కావాలో మొదటి వారం నుంచి చదువుతున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక్క ముక్క. రెండేళ్ళ కిందట కోతల రోజుల్లో ఆవిడ ఒక్కగానొక్క కొడుకు టాడ్, ఇరవై తొమ్మిదేళ్ళవాడు, గోధుమల్ని గాదెకెత్తే మరలో చెయ్యి పడి, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని యాభై నిమిషాలు అంబులెన్సు కోసం చూశాడు. అది ఆ వేళకి కౌంటీకి ఆ కొసన ఇంకెవరినో ఎక్కించుకుంటోంది. వచ్చేసరికి టాడ్ లేడు. అదే యాభై నిమిషాలకు ఆర్డిస్ ఒక అర్థం చెప్పుకుంది, ఆవిడ మొగుడు వెండెల్ ఇంకో అర్థం చెప్పుకున్నాడు. రెండో బండి ఉంటే నా కొడుకు బతికేవాడని ఆవిడ. నా కొడుకుని చంపినవాళ్ళకి నేను పైసా ఇవ్వనని ఆయన.

ఇప్పుడు ఈ ఓటు కథ కొంచెం వెనక్కి తిప్పాలి. పద్దెనిమిదేళ్ళ కిందటి దాకా ఆ ఊళ్ళో ఓట్లు రైతుసంఘం హాల్లో వేసేవాళ్ళు. నాలుగు చెక్క బల్లలు, ఒక్కో బల్లకీ ఒక గుడ్డ తెర. తెర వెనక ఆర్డిస్ తనకి నచ్చినట్టు దిద్ది వచ్చేది, బయట వెండెల్‌తో నువ్వు చెప్పినట్టే వేశానని చెప్పేది. ఆ చిన్న అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు, ఇల్లు చల్లగా ఉండేది. తరవాత ఓట్లు పోస్టులో ఇంటికే రావడం మొదలైంది. దేశమంతా మెచ్చుకున్న సౌకర్యం. చలిలో వెళ్ళక్కర్లేదు, వరసలో నిలబడక్కర్లేదు. ఆర్డిస్‌కి మాత్రం ఆ తెర పోయింది. అక్టోబరు నెలాఖరున ఒక ఆదివారం వెండెల్ కాఫీ పెట్టించుకుని, బల్ల మీద రెండు బ్యాలెట్లూ పరుచుకుని, పైకి చదువుతూ రెండూ తనే దిద్దేవాడు. తరవాత ఆవిడ కవరు ఆవిడ ముందుకి తోసి, గీత మీద వేలు పెట్టి, ఇక్కడ పెట్టు అనేవాడు. ఆవిడ పెట్టేది. పద్దెనిమిదేళ్ళు పెట్టింది. బయట జనం దీన్నే రహస్య ఓటు అంటారు.

ఈ ఏడు మాత్రం ఆవిడ, నాది నేనే దిద్దుకుంటానంది. అని ఊరుకోకుండా బ్యాలెట్టూ కవరూ చేతికందినవి అందినట్టు లాక్కుని, బట్టలుతికే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. మిషను మూత మీద పెట్టి దిద్దింది, అక్కడే కవరు అంటించి సంతకం పెట్టింది. కీళ్ళవాతం వేళ్ళు, వణుకు, పైగా భయం. సంతకం కలవకపోయిందంటే అందుకే అయి ఉంటుందని ఇప్పుడు ఫోను దగ్గర నిలబడి అనుకుంటోంది. ఆవిడ బయటికొచ్చేసరికి వెండెల్ తన కవరు అంటించేసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆవిడ చేతిలోది తీసుకుని, రెండూ కలిపి రోడ్డు పక్క పోస్టు డబ్బాలో పడేసి వచ్చాడు.

మరి ఉత్తరం ఏమైనట్టు? ఆ డబ్బా తెరిచేది ఆ ఇంట్లో వెండెల్ ఒక్కడే.

పన్నెండింటికి వెండెల్ భోజనానికొచ్చాడు. బూట్ల మంచు దులుపుకుని, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఆర్డిస్ బఠాణీ సూపు గిన్నె ముందు పెట్టి, తను ఎదురుగా కూర్చుంది. తనకి వడ్డించుకోలేదు.

“నాకొచ్చిన ఉత్తరం ఎక్కడ పెట్టావు, వెండెల్?”

ఆయన ఉప్పు బిస్కట్లు నలిపి సూపులో వేసుకుంటున్నాడు. “ఏ ఉత్తరం?”

“కౌంటీది.”

“కౌంటీ రోజుకొకటి పంపుతుంది. స్టాంపులు మన డబ్బుతోనేగా.”

“జోలీన్ ఫోను చేసింది.”

చెంచా ఆగింది. బొంకడం ఆయనకి చేతకాదు, ఆ మాట ఒప్పుకోవాలి. లేచి, గోడకి మేకు మీద వేలాడుతున్న విత్తనాల కంపెనీ క్యాలెండరు వెనక చెయ్యి పెట్టి, నీలం అంచు ఉత్తరాలు లాగి బల్ల మీద పడేశాడు. ఒకటి కాదు, రెండు. రెండోదాని మీద వెండెల్ హాగెన్ అని ఉంది.

ఆర్డిస్ రెండోదాన్ని తిప్పి తిప్పి చూసింది. ఊరంతా ఎవరిదా అని బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న ఆ రెండో కవరు తన ఇంటిదే.

“నీదీనా?”

“నాదీ. ఆ రోజు ఒళ్ళు మండిపోతూ గీకాను, ఎలా పడిందో ఏమో. పొద్దున కొట్టంలో ఉండగా ఆ పిల్ల నాక్కూడా ఫోను చేసింది.”

“మరి వెళ్ళి పెట్టి రాలేకపోయావా?”

“నేను కదిలితే నీకు తెలుస్తుంది. తెలిస్తే నువ్వూ పోతావు. నువ్వెటు దిద్దావో నాకు తెలీదనుకున్నావా? నాది పోతే పోయింది. నీదీ పోయిందిగా, చాలు.”

తన కన్ను ఒకటి పోయినా సరే ఎదుటివాడివి రెండూ పోవాలనుకునే మనుషులున్నారని విన్నాం. ఆ ఎదుటిది నలభై ఏళ్ళు కాపరం చేసిన పెళ్ళామైతే ఏమనాలో తెలీదు. వెండెల్‌కి మాత్రం అందులో తప్పేమీ కనపడలేదు. పైగా తన మంచితనం తనే చెప్పుకున్నాడు. డబ్బాలో వేసేటప్పుడు నీ కవరు చించి పారెయ్యలేదు చూడు, నేను దొంగని కాను అన్నాడు.

“చించడానికి ధైర్యం కావాలి,” అంది ఆర్డిస్. “దాచడానికి ఒక మేకు చాలు.”

ఆయన మొహం ఎర్రబడింది. గిన్నె పక్కకి తోశాడు. “యాభై నిమిషాలు, ఆర్డిస్. ఒక్కో నిమిషం లెక్కపెట్టాను నేను. వాళ్ళకి ఇప్పుడు నా చేత్తో బండి కొనిపెట్టాలా?”

“వాళ్ళేం పడుకుని రాకపోయారా? ఉన్నది ఒకటి. అది ఇంకొకళ్ళ వాకిట్లో ఉంది.”

“ఇప్పుడు పది కొన్నా నాకేంటి? నా పిల్లాడు రాడు.”

“ఇంకొకళ్ళ పిల్లాడు బతుకుతాడు.”

“ఇంకొకళ్ళ పిల్లాడి గోల నాకెందుకు?”

ఈ మాటలు ఇద్దరూ రెండేళ్ళుగా అనుకుంటున్నవే. ఇక్కడితో ఆయన లేచి కొట్టంలోకి పోవడం, ఆవిడ గిన్నెలు కడుక్కోవడం అలవాటు. ఆ రోజు ఆర్డిస్ లేవలేదు. రెండేళ్ళు నాలుక చివర పెట్టుకుని మింగుతూ వచ్చిన మాట ఒకటి ఉంది. దాన్ని తనతోపాటే మట్టిలో కలపాలని ఒట్టు పెట్టుకుంది. నీలం అంచు ఉత్తరం ఆవిడ చేత ఆ ఒట్టు తప్పించింది.

“ఆ మర దగ్గర ఇద్దరుండాలి,” అంది మెల్లగా. “ఒకడు మీట దగ్గర, ఒకడు గింజ దగ్గర. ఆ ఏడు రెండో కూలీ దండగన్నావు. వాడొక్కడే ఉన్నాడు. మీట కట్టెయ్యడానికి ఎవరూ లేరు, వెండెల్. దానికి అంబులెన్సు వాళ్ళేం చేస్తారు?”

బయట ఆవులు అరుస్తున్నాయి, మేతవేళ. ఆయన చేతులు రెండూ బల్ల మీద బోర్లా పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఆర్డిస్‌కి భయం వేసింది. అన్నందుకు సిగ్గూ వేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే అది నిజం.

ఆయన అరవలేదు. “వెళ్ళు. వెళ్ళి పెట్టుకో. నీ వెనకే వచ్చి నాదీ పెడతాను. నీదొకటి, నాదొకటి. చెల్లుకు చెల్లు. పన్ను ఎలాగూ ఛస్తుంది.”

అలా అని కొట్టంలోకి పోయాడు. సూపు మీద మీగడలా పొర కట్టింది.

ఆర్డిస్ కోటు వేసుకుంది. వెళ్ళి లాభమేమిటి, ఆయన వచ్చి నా ఓటు కొట్టేస్తాడు కదా అని ఒక మనసు. మంచు పడితే వెండెల్‌కి మేత పని సాయంత్రం దాకా తెమలదు, ఒకవేళ రాలేకపోతే అని ఇంకో మనసు. అదీ ఇదీ కాక మూడోది ఒకటి ఉంది. ఏమైతే అయింది, నా ఓటు నేను వేసుకోవాలి అన్నది. ఆ మూడోదే ఆవిడ చేత కారు తాళం తిప్పించింది. ఇరవై రెండు మైళ్ళు, దున్నని పొలాల మధ్య సన్నటి రోడ్డు, చక్రాల కింద కొత్త మంచు. మామూలుగా అరగంట. దారిలో ఒక లారీ అడ్డంగా జారి పడి ఉంటే దాన్ని తీసేదాకా రెండు గంటల పైనే అక్కడ ఉండిపోయింది. కౌంటీ ఆఫీసు మెట్లెక్కేసరికి గోడ గడియారంలో నాలుగూ అయిదు.

జోలీన్ ఆవిడని చూసి కుర్చీ జరిపింది, నీళ్ళు ఇచ్చింది. ముందు ఒక కాగితం పెట్టింది. ఈ కవరు పంపింది నేనే, దీన్ని నా పేరు మీద ఒప్పుకోండి అని అచ్చు వేసి, కింద గీత గీసి ఉంది. సంతకం పెట్టే ముందు కవరు నకలు ఒకసారి చూసి ఒప్పుకోవాలి, అది నియమం అంటూ ఇంకో కాగితం పక్కన పెట్టింది. ఆర్డిస్ కలం తీసుకుని ఆ నకలు వంక చూసింది.

పేరు తనదే. చిన్న అక్షరాలతో ఆర్డిస్ హాగెన్ అని అచ్చు. కింద సంతకం మాత్రం వెండెల్ హాగెన్ అని, కాగితం చిరిగేంత గట్టిగా గీసి ఉంది.

అర్థం కావడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది. బల్ల మీంచి చేతికందిన కవరు లాక్కుని పరిగెత్తింది కదా, అది ఆయన కవరు. ఆయన కోపంలో మిగిలినది తీసుకున్నాడు, అది ఆవిడది. కవరు మీద పేరు చదవాలన్న ఊసే ఆవిడకి లేదు. పద్దెనిమిదేళ్ళు ఆయన కవరు తోసేవాడు, ఆయన వేలు చూపించేవాడు. ఆవిడకి తెలిసిందల్లా ఆ గీత ఒక్కటే.

“జోలీన్, దీంట్లో నా బ్యాలెట్ లేదు.”

“ఉందో లేదో నేను చూడలేదు, ఆర్డిస్ గారూ. చూడకూడదు.” ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. “ప్రతి ఎన్నికల్లోనూ ఒకటో రెండో ఇళ్ళలో మొగుడూ పెళ్ళాల కవర్లు తారుమారవుతాయి. మాకు లెక్క కవరు మీది పేరే. లోపల ఎవరు దిద్దింది ఉందో మేం అడగం. మీ పేరున్న కవరుకి మీరే పెట్టాలి. ఇంకోదానికి దాని మీద పేరున్న మనిషే పెట్టాలి. ఇంతకంటే నన్ను అడక్కండి.”

ఆర్డిస్ కలం కింద పెట్టింది.

ఇప్పుడు తను సంతకం పెడితే లెక్కలో చేరేది వెండెల్ ఓటు. కాదు, వద్దు, నా కొడుకుని చంపినవాళ్ళకి పైసా ఇవ్వను అన్న ఓటు. దాన్ని తన చేత్తో బతికించాలి. తను బట్టల గదిలో గడియ పెట్టుకుని దిద్దిన ఓటు వెండెల్ పేరున్న కవరులో ఉంది. దాన్ని బతికించగలవాడు ఈ భూమ్మీద ఒక్కడే, అతని పేరు వెండెల్. ఇంతకంటే ఏడవడానికి ఏం కావాలి? ఏడుపు రాలేదు, నవ్వు వచ్చింది, అదీ సగంలో ఆగిపోయింది. ఇరవై రెండు మైళ్ళు మంచులో పడి వచ్చింది ఇందుకా అనుకుంది.

లేచి వెళ్ళిపోదామనుకుంది. తను పెట్టకపోతే ఆయన ఓటు పోతుంది. ఆయన రాకపోతే తనదీ పోతుంది. పన్ను వీగిపోతుంది. ఏ చలికాలంలోనో, ఏ కోతల్లోనో ఇంకో తల్లి ఒళ్ళో ఇంకో పిల్లాడు. అప్పుడు తను ఏం మొహం పెట్టుకుని వాళ్ళింటికి కూర వండి పట్టుకెళ్ళాలి?

కిటికీ బయట పచ్చ రంగు పికప్ బండి వచ్చి ఆగింది. మేత పని ఎవరి మీద పడేశాడో, వెండెల్ అన్నంత పనీ చేశాడు.

ఆర్డిస్ మళ్ళీ కూర్చుంది. ఆయన వచ్చింది ఆర్డిస్ ఓటు కొట్టెయ్యడానికి. ఆయన సంతకం పెడితే బతికేది ఆర్డిస్ ఓటే. ఆయనకి ఆ సంగతి తెలీదు. తను పెట్టలేదని తెలిస్తే మాత్రం ఆయన కలం కూడా ముట్టుకోడు, ఆయనకి ఆ అవసరమే ఉండదు, వచ్చిన దారినే పోతాడు. ఎదురుగా ఉన్న కాగితాన్ని ఆవిడ బోర్లా తిప్పేసింది.

వెండెల్ లోపలికొచ్చి టోపీ తీశాడు. నడుచుకుంటూ వచ్చి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాడు. పొద్దున్నకంటే ముసలివాడిలా ఉన్నాడు.

“పెట్టావా?”

“పెట్టాను,” అంది ఆర్డిస్.

జోలీన్ తలెత్తి ఆవిడ వంక చూసింది. ఆ చూపులో ఏముందో చెప్పడం కష్టం. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్న నియమం ఆ నిమిషంలో ఆ అమ్మాయికి ఎంత బరువైందో ఆ అమ్మాయికే తెలియాలి. పెదవి కొరుక్కుని, వెండెల్ పేరున్న ఫైలు తీసి, అచ్చు కాగితం ఆయన ముందు పెట్టి, కలం ఇచ్చింది.

“ఎక్కడ?” అన్నాడాయన.

“ఆ గీత మీద. పెట్టే ముందు మీ కవరు నకలు చూసి ఒప్పుకోవాలి, వెండెల్ గారూ. నియమం.”

“నా కవరు నాకు తెలీదా?”

“చూడాలండీ. చూడకుండా పెడితే చెల్లదు.”

ఆ అమ్మాయి నకలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆర్డిస్ ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. వెండెల్ చొక్కా జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, కాగితం మీదికి వంగాడు. పైన పేరు చూశాడు. కింద సంతకం చూశాడు. వంకర టింకరగా, వణుకుతూ, గీత దాటిపోయిన ఆర్డిస్ హాగెన్.

తరవాత తల తిప్పి, ఆవిడ ముందు బోర్లా పడున్న కాగితాన్ని ఎడమ చేత్తో వెల్లకిలా తిప్పాడు. దాని కింద గీత ఖాళీగా ఉంది.

“పెట్టానన్నావు.”

“అబద్ధం,” అంది ఆర్డిస్. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. “నా ఓటు నీ చేతిలో ఉంది, వెండెల్. నువ్వు పెడితేనే ఉంటుంది. నేను మాత్రం నీ ఓటుకి పెట్టను.”

ఆయన ఆవిడ మొహం చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ తన చేతులు చూసుకున్నాడు, మధ్యాహ్నం బల్ల దగ్గర చూసుకున్నట్టే.

“తొమ్మిది నిమిషాలుంది,” అంది జోలీన్ చాలా మెల్లగా. “నాలుగున్నరకి నేను తలుపు వేసెయ్యాలి.”

వెండెల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుడి చేతిలో కలం అలాగే ఉంది. పెట్టలేదు, పడెయ్యనూ లేదు.

“ఆ రోజు,” అన్నాడు ఆర్డిస్ వంక చూడకుండా, “రెండో కూలీ వద్దన్నది నేను కాదు.”